అడ్మిషన్

పిలుస్తారు, ఇదిగో పిలిచేస్తారు అనుకుంటూ రమాకుమారి ఆ బల్ల మీద కూర్చునే ఉంది, తలుపు మాత్రం కదలదు. తెరుచుకుంటే ఈ పీడ వదిలిపోతుంది కదా అని ఒక క్షణం, అమ్మో వద్దు, ఇంకాసేపు మూసే ఉండనీ అని మరుక్షణం. తలుపుకి కాగితం అంటించారు, డిసిప్లినరీ కమిటీ అని. మామూలు రోజుల్లో అది స్టాటిస్టిక్స్ వాళ్ల సెమినార్ గది. పోయిన ఏడు ఇదే గదిలో రమ నిలబడి మాట్లాడితే అందరూ చప్పట్లు కొట్టారు, ఆ గదిలో ఫ్యాను తిరిగితే కిచకిచమంటుందనీ, మూలనున్న కుర్చీకి ఒక కాలు పొట్టి అనీ ఆమెకి తెలుసు, ఇప్పుడా కిచకిచలు తలుపు సందులోంచి వినబడుతుంటే లోపల అందరూ తన గురించే గుసగుసలాడుకుంటున్నారనిపిస్తోంది. బయట వాన. భవానీపూర్ వీధిలో నీళ్లు నిలిచిపోయి, బస్సులు వాటిని చీల్చుకుంటూ పోతున్న చప్పుడు. కారిడార్ చివర ప్యూను నిమాయ్‌దా స్టూలు మీద కూర్చుని మట్టి కప్పులో టీ తాగుతున్నాడు. రోజూ కనిపిస్తే ఏం అమ్మాయీ అని నవ్వే మనిషి ఇవాళ నవ్వలేదు, నవ్వకూడదని రూల్సులో ఉందేమో, ఏమో, రూల్సులో ఏదైనా ఉండొచ్చు.

పక్కన అమ్మ. గార్డియన్‌ని వెంటబెట్టుకుని రావాలని నోటీసులో రాశారు కాబట్టి, కార్పొరేషన్ వీధులు ఊడ్చే పని తెల్లారకముందే ముగించుకొచ్చి, తలారా నీళ్లు పోసుకుని, పెళ్లిళ్లకి కట్టే నీలం చీర కట్టుకుని వచ్చింది అప్పలకొండమ్మ. గార్డియన్ అంటే తల్లి గానీ, తండ్రి గానీ, కాలేజీ రికార్డులో పేరున్న మరొకరు గానీ. రికార్డులో నాన్న పేరుంది, బైరాగి అని, కానీ నాన్నకి చెప్పలేదు. చెబితే కొడతాడని కాదు, బైరాగి కొట్టే మనిషి కాదు, ఖిదిర్‌పూర్ ఓడరేవులో మూటలు మోసి వచ్చి మాటా పలుకూ లేకుండా అన్నం ముందు కూర్చుంటాడు, అలా కూర్చుని అన్నం కలపడం మానేసి ఊరికే కంచంలోకి చూస్తాడు, రమకి భయం ఆ చూపంటేనే. వాళ్ల వరసలో ఉన్న ఇళ్లన్నిట్లోకీ కాలేజీ మెట్లెక్కిన మొదటి పిల్ల రమ, ఆ సంగతి నాన్న టీ బడ్డీ దగ్గర బీహారీ వాళ్లకీ, మసీదు వెనక ఉండే వాళ్లకీ, ఎవరడిగినా అడక్కపోయినా చెబుతాడు. ఆమ్హార్ మేయే అనర్స్ పడే, మా అమ్మాయి ఆనర్స్ చదువుతోంది, అని వచ్చీరాని బెంగాలీలో అంటాడు. రేపు ఆ బడ్డీ దగ్గర ఏం చెబుతాడు?

"ఒలే, ఏటి అలగ వొణికిపోతన్నావు? సలేస్తందా?" అంది అమ్మ. లేదంది రమ. వానలో తడిసి వచ్చినందుకు వణుకు అనుకోనీ, అదే మంచిది, నోట్లో తడి లేదని అమ్మకి ఏం తెలుసు, దుపట్టా కొసని వేలికి చుట్టి చుట్టి విప్పుతోంది, మళ్లీ చుడుతోంది, వేలు తెల్లగా అయిపోతే వదులుతోంది. భయం భయం అని రోజుకి పదిసార్లు అంటాం గానీ అసలు భయమంటే ఇదేనా అనుకుంది. పరీక్షల ముందు వచ్చేది కాదు ఇది, బొద్దింకని చూస్తే వచ్చేది కాదు. లోపల ఎవరో నలుగురు, తను లేనిచోట, తన బతుకు గురించి ఏదో ఒకటి అనేసుకుంటున్నారు, తనకేమో తలుపు ఇవతల ఫ్యాను కిచకిచలు.

ప్రాస్పెక్టస్ వెనకాల, ఫీజులూ సెలవులూ అన్నీ అయిపోయాక, చీమల బారంత చిన్న అక్షరాల్లో ఉంటాయా మాటలు, కీలక పదాలూ వాటి అర్థాలూ అని. చదివాను, ఒప్పుకుంటున్నాను అని చేరినరోజు కింద సంతకం పెట్టింది, ఎవరైనా పెడతారు, ఎవరు చదువుతారు గనక! ఇప్పుడు చదివింది. చదివి చదివి బట్టీ వచ్చేసింది, కళ్లు మూసుకుంటే రెప్పల లోపల ఆ అక్షరాలే. కంప్లైనెంట్ అంటే ఫిర్యాదు చేసిన విద్యార్థి. రెస్పాండెంట్ అంటే ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో ఆ విద్యార్థి. ఫ్రెషర్ అంటే మొదటి సంవత్సరంలో చేరిన విద్యార్థి. సస్పెన్షన్ అంటే కొన్నాళ్లు క్లాసుకి రానివ్వకపోవడం, ఎక్స్‌పల్షన్ అంటే మరి ఇక రానివ్వకపోవడం, రస్టికేషన్ అంటే కాలేజీలోంచి తీసెయ్యడమే కాక ఒక గడువు తీరేదాకా ఇంకే కాలేజీలోనూ చేరనివ్వకపోవడం, పైగా ఆ సంగతి సర్టిఫికెట్ మీద రాయడం. ఈ రస్టికేషన్ అన్న మాటకి డిక్షనరీలో చూసింది, పల్లెకి పంపెయ్యడం అని ఉంది. ఏ పల్లెకి పంపుతారమ్మా నన్ను అని అంత భయంలోనూ నవ్వొచ్చింది. తాత శ్రీకాకుళం అవతల ఎక్కడినుంచో వచ్చాడట, ఆ ఊరి పేరు కూడా రమకి సరిగ్గా నోరు తిరగదు. పుట్టింది ఖిదిర్‌పూర్ ఆసుపత్రిలో, పెరిగింది కార్పొరేషన్ క్వార్టర్లలో, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. ఆమెని పంపడానికి పల్లె లేదు. పంపితే ఆ క్వార్టర్ల గదిలోకే పంపాలి, అక్కణ్నుంచి, అమ్మ ఎన్నాళ్లుగానో మొక్కుతున్నది ఏది కాకూడదనో అందులోకి, చేతిలో ఝాడూ పెట్టి వీధిలోకి.

ఇక ర్యాగింగ్. దానికి చాలా పొడుగు అర్థం రాశారు. మాటతో గానీ రాతతో గానీ చేతతో గానీ ఫ్రెషర్‌ని ఏడిపించడం, అవమానించడం, లేదా ఫ్రెషర్‌కి భయం కలిగేలా ప్రవర్తించడం. భయం కలిగేలా, అన్న దగ్గర ఆమె కళ్లు ప్రతిసారీ జారి కింది వాక్యంలోకి పోతాయి, అక్కడ నిలవవు.

"నిన్నట్నించీ అడుగుతన్నాను, సెప్పవు. రాగ్ సేసినావంతే గదా?" అంది అమ్మ, గొంతు తగ్గించి, నిమాయ్‌దా వైపు ఒక కన్ను వేసి. "మడిసన్నాక రాగ్ రాదేటి? నానూ సేస్తాను మా మేస్త్రీ సర్దారు మీద. దానికి కాలేజీలోంచి తీసెత్తారేటి?"

రాగ్ కాదమ్మా, ర్యాగింగ్. ఎన్నిసార్లు చెప్పాలి? నోటీసు వచ్చిన రోజునుంచీ ఇదే గొడవ, ఇంగ్లీషులో ఆ మాట చదివి వినిపించగానే అమ్మ చెవికి అందింది మాత్రం రాగ్. బెంగాలీలో రాగ్ అంటే కోపం, వాళ్ల వరసలో తెలుగువాళ్లు కోపం అన్న మాటే వాడరు, నా మీద రాగ్ చేసింది, రాగ్ చెయ్యకే తల్లీ, మీ నాన్న రాగ్ మీదున్నాడు, అన్నీ రాగులే. అందుకని అమ్మ దృష్టిలో కూతురికి కోపం వచ్చింది, దానికి కాలేజీ వాళ్లు కేసు పెట్టారు, ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా అని ఆవిడ బాధ. అడ్మిషన్ దగ్గరా ఇంతే, కాలేజీలో చేరి రెండేళ్లయింది, మొన్న నోటీసులో అడ్మిషన్ అన్న మాట వినగానే, "అడ్మిషన్ అప్పుడే అయిపోనాది గదే, నాను సంతకం కూడా ఎట్టినాను, మళ్లీ ఏటి అడ్మిషను?" అంది. ఏం చెప్పాలి ఆవిడకి? ఇది వేరే అడ్మిషన్ అమ్మా. ఆ అడ్మిషన్‌తో లోపలికి వస్తాం, ఈ అడ్మిషన్‌తో బయటికి పోతాం.

అసలు భయమంతా ఆ మాట దగ్గరే ఉంది. నోటీసులో ఉన్నది ఒక్క వాక్యం. కంప్లైనెంట్‌కి రెస్పాండెంట్ పంపిన వాయిస్ మెసేజీలో అడ్మిషన్ ఉన్నది. రూల్సులో దాని అర్థం, తన మీద వచ్చిన ఆరోపణని రెస్పాండెంట్ తానే ఒప్పుకోవడం, అది ఉన్నచోట మరో విచారణ లేకుండానే కమిటీ శిక్ష వెయ్యవచ్చు. ఏం ఒప్పుకున్నాను నేను? ఎక్కడ ఒప్పుకున్నాను? మెసేజీ పంపిన మాట నిజం. గొడవైన మర్నాడు పొద్దున్న హాజ్రా మోడ్ కూడలి దగ్గర బస్సు దిగి, రోడ్డు పక్కన నిలబడి, ఫోను నోటికి ఆనించుకుని సారీ లాంటిదేదో చెప్పింది, ఆ చెప్పిన మాటలు ఇవీ అని ఇప్పుడు గుర్తు రావు, కోపంలో అన్నమాటలు గుర్తుంటాయి గానీ సారీ చెప్పిన మాటలు ఎవరికి గుర్తుంటాయి! పోనీ విందామంటే లేదు. ఆ ఫ్రెషర్, పూజిత, ఫిర్యాదు చేసిందట అని తెలిసిన సాయంత్రమే క్లాసులో సమీర చెవిలో ఊదింది, ఏమున్నా ముందు డిలీట్ కొట్టెయ్ అని, అక్కడికక్కడే మొత్తం చాట్ తీసేసింది. తీశాక చదివింది, సాక్ష్యాన్ని తొలగించడం అని దానికీ ఒక అర్థం, దానికీ ఒక శిక్ష. పై ప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడు ఆ మెసేజీ ఉన్నది ఒక్క పూజిత ఫోనులో. అందులో తను ఆ మాట కూడా అనేసిందా? ఆ మాట అన్నందుకు ఏమీ అనుకోకు అని ఆ మాటని మళ్లీ నోటితో పలికిందా? పలికుంటే అయిపోయింది.

ఆ మాట సంగతి ఇప్పుడొద్దు.

పూజిత. అందరికంటే ముందు ఆ పిల్లని పలకరించింది తనే, అది ఎవరికి చెప్పాలి? కాలేజీ తెరిచిన మొదటి వారం, నోటీసు బోర్డు పక్కన గోడకి తిరిగి ఫోనులో ఏడుస్తోంది, అమ్మా, ఈడ ఎవ్వలికీ నా మాట సమజ్ అయితలేదు అని. తెలుగు! ఈ కాలేజీలో! రమ గుండె ఎగిరి గంతేసింది, ఇంట్లో తప్ప ఎక్కడా వినబడని భాష కాలేజీ గోడ దగ్గర వినబడేసరికి ఏం చేస్తున్నదో తెలియకుండానే ఆ పిల్ల చెయ్యి పట్టేసుకుంది. తెలుగేనా నువ్వు? ఏటి నీ పేరు? కరీంనగర్ దగ్గర్నుంచి వచ్చిందట, ఏదో ఎంట్రన్సులో సీటొచ్చి, హాస్టల్లో ఉంటోందట, మెస్సులో ఆవనూనె వాసన పడటం లేదట. రమ ఆ పిల్లకి బస్సులు నేర్పింది, దిగేటప్పుడు దాదా నామ్‌బో, అన్నా దిగుతాను, అని అరవాలని నేర్పింది, కూరగాయల ధరలు బెంగాలీలో నేర్పింది, ఒక ఆదివారం ఏక్‌బాల్‌పూర్ ఇంటికి తీసుకెళ్లింది. అమ్మ పులుసులో చింతపండు ఎక్కువ వేసి చేపలు వండింది, పిల్ల గుటకలు వేస్తూ తింటుంటే నడుమ్మీద చెయ్యి పెట్టుకుని ఎదురుగా నిలబడి, తిన్నావేటమ్మా, ఇంకొంచెం ఎయ్యనా, తిన్నావేటమ్మా అని ఎన్నిసార్లడిగిందో. నువ్వు ఏటి అంటుంటే నాకు నవ్వొస్తదక్కా అనేది పూజిత, మస్తు కామెడీగ ఉంటది మీ భాష. అప్పుడు రమ కూడా నవ్వింది. నవ్వితే తప్పేముంది.

నబీన్ బరణ్‌కి, అంటే కొత్తవాళ్లకి స్వాగతం చెప్పే పండగకి రిహార్సల్ జరుగుతున్న రోజు, ఎవరో పూజితని ఏదైనా చేసి చూపించు అన్నారు. పిల్ల లేచింది. దుపట్టా నడుముకి చుట్టింది, నడుమ్మీద చెయ్యి పెట్టుకుంది, పక్కనే ఉన్న చీపురు తీసుకుంది, తీసుకుని, తిన్నావేటమ్మా? తిన్నావేటీ? అని గొంతు సాగదీసి, పొట్ట ముందుకి పెట్టి నడిచింది. ఒక్కరికీ అర్థం కాలేదు, అందరూ పగలబడి నవ్వారు. అర్థమైంది రమకొక్కదానికే. అచ్చం అమ్మ. ఆ నడక అమ్మది, ఆ చెయ్యి అమ్మది, చీపురు కూడా చేతిలోకి తీసుకునేసరికి ఇక అమ్మ కానిది ఏమీ లేదు.

ఇప్పుడు ఆ అమ్మ పక్కన కూర్చుని చీర కుచ్చెళ్లు సర్దుకుంటోంది, లోపల పెద్దోళ్ల ముందు నలిగినట్టు కనబడకూడదని. రూల్సులో ఒక మాట ఉంది, రెచ్చగొట్టినట్టు రుజువైతే శిక్ష తగ్గించవచ్చని. రుజువు చెయ్యాలంటే ఎలా? ఆ గదిలో, ఈవిడ ఎదురుగా, మా అమ్మ ఎలా నడుస్తుందో ఎలా అడుగుతుందో ఈ పిల్ల అందరి ముందూ చేసి చూపించింది, చీపురు పట్టుకుని మరీ చేసింది అని చెప్పాలి. బెంగాలీలో చెప్పినా అమ్మకి అర్థమవుతుంది, తనకన్నా బాగా వచ్చు ఆవిడకి బెంగాలీ. వింటే ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. రేపట్నుంచి ఇంటికొచ్చిన ఎవరినీ తిన్నావా అని అడగదు. అంతకంటే రస్టికేషనే నయం, అనుకుంది రమ, నయం అనుకోవడం తేలికే, రేపు పొద్దున్న తెలుస్తుంది ఎంత నయమో.

నిమాయ్‌దా లేచాడు. రమ లేవబోయింది. కప్పు బయట పడేసి, చేతులు తుడుచుకుని, మళ్లీ కూర్చున్నాడు.

రిహార్సల్ అయ్యాక మెట్ల కింద పట్టుకుంది పూజితని. అరిచింది. సిగ్గు లేదా అంది, మా ఇంట్లో తిని మా అమ్మనే ఎక్కిరిస్తావా అంది. చుట్టూ ఉన్నవాళ్లకి తెలుగు రాదు కాబట్టి అరుపు ఒక్కటే వినబడింది. పిల్ల మొదట నవ్వబోయింది, ఊకె చేసినక్కా, కామెడీకి, అంది. ఆ నవ్వబోవడం చూసేసరికి రమకి ఒళ్లు తెలియలేదు, అరవడం ఆపేసింది, దగ్గరికి జరిగి, మెల్లగా, ఆ మాట అంది.

వద్దు. ఏమన్నానో ఎవరికీ తెలీదు. నాకూ, దానికీ తెలుసు, అంతే. ఫిర్యాదులో బెదిరించింది అని మాత్రం రాశారట, ఏమని బెదిరించిందో రాయలేదట, ఎందుకు రాయలేదు? ఆ మాట రాయడానికి కూడా ఆ పిల్లకి భయమేసిందా? ఆ మర్నాటినుంచి క్లాసుకి రాలేదు. మెస్సుకి కూడా దిగడం లేదని హాస్టల్ వాళ్లు చెప్పుకున్నారు, గది గడియ పెట్టుకుని ఉంటుందట, బిస్కట్లు తింటుందట, పక్కగది అమ్మాయి తలుపు తడితే ఎవరు ఎవరు అని లోపల్నుంచే అడిగి తియ్యకుండా ఊరుకుంటుందట. రమ అప్పుడు ఏమనుకుంది? నటన అనుకుంది. చీపురు పట్టుకుని నటించిందానికి ఇదో లెక్కా అనుకుంది. ఇప్పుడు తన వేలి చుట్టూ తెల్లగా బిగిసిన దుపట్టా కొసని చూస్తే నటన అనిపించడం లేదు. తలుపు వెనక కూర్చుని తలుపు ఇవతల ఎవరున్నారో తెలియకపోవడం, అదీ ఇదీ ఒకటే కదా. తనకి పక్కన అమ్మయినా ఉంది.

"మంచినీళ్లు తాగు," అంది అమ్మ, సీసా మూత తీసి ఇచ్చి. రమ సీసా పుచ్చుకుని ఒళ్లో పెట్టుకుంది. "బెంగెట్టుకోకే. నాను సెప్తాను ఆల్లకి. మా గుంట మంచిదే మేడమ్ గారూ, రాగ్ సేసినాది, అంతే, మళ్లీ సెయ్యదు అని సెప్తాను. రాగ్ సెయ్యకూడదే అందరి ముందరా, సెయ్యకూడదు, నాను నీకు సిన్నప్పట్నించీ సెప్తన్నాను గదా."

అమ్మా, నీకు దండం పెడతాను, ఆ మాట మాత్రం లోపల అనకు. రాగ్ చేసింది అన్నావంటే వాళ్లు ర్యాగింగ్ చేసింది అనుకుంటారు, కన్నతల్లే ఒప్పుకుంది అని రాసుకుంటారు, అయిపోతాను నేను. అనబోయింది. నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. రాగ్ చేసింది, అందరి ముందరా, రాగ్ చెయ్యకూడదు, మళ్లీ చెయ్యదు. ఈ మాటలు ఎక్కడో విన్నాను. విన్నాను కాదు, అన్నాను. హాజ్రా మోడ్, పొద్దున్న, పక్కన బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది, కండక్టరు బేహాలా బేహాలా అని అరుస్తున్నాడు, ఆ గోలలో వినబడదేమో అని గొంతు పెంచి, పూజితా, నేను రమక్కని, నిన్న నీ మీద రాగ్ చేసేసాను, అందరి ముందరా. అలగ రాగ్ చెయ్యకూడదు, నాకు తెలుసు. ఏటీ అనుకోకు. ఇంకెప్పుడూ చెయ్యను. అంతే! అంతే ఉంది అందులో! సారీ చెప్పేటప్పుడు నోటికొచ్చింది ఇంట్లో మాటే, అమ్మ మాటే, కరీంనగర్ పిల్లకి రాగ్ అంటే ఏం తెలుస్తుంది పాపం, ఏమిటిని ఏటి అనే మనిషి ర్యాగ్‌ని రాగ్ అంటుంది కాబోలు అనుకుంది, ఇంగ్లీషులోకి మార్చి కమిటీకి రాసిచ్చింది. నిన్ను ర్యాగింగ్ చేశాను, చెయ్యకూడదని తెలుసు, ఇక చెయ్యను. ఎంత చక్కటి అడ్మిషన్! అమ్మని వెర్రిదాన్ని చూసినట్టు చూసింది ఇన్నాళ్లూ, తను చేసిందీ అదే.

"రమాకుమారీ! గార్డియన్!" నిమాయ్‌దా తలుపు తెరిచి పట్టుకున్నాడు.

లోపల పొడుగు బల్ల వెనక నలుగురు, మధ్యలో తెల్లజుట్టు మేడమ్, చైర్‌పర్సన్. కిటికీ పక్కన, ఒక కాలు పొట్టిగా ఉన్న ఆ కుర్చీలోనే, పూజిత. చిక్కిపోయింది పిల్ల. మేడమ్ ఇంగ్లీషులో ఏదో చదువుతోంది, అడ్మిషన్ అన్న మాట రెండుసార్లు వినబడింది, ఏమైనా చెప్పుకునేది ఉందా అని అడిగింది. ఆ ఆడియో ఒక్కసారి వినిపించండి మేడమ్, అంది రమ. కమిటీలో ఎవరికీ తెలుగు రాదు, అనువాదం మా దగ్గర ఉంది, అన్నాడు పక్కాయన. తెలుగు అక్కర్లేదు సార్, వినండి చాలు. మేడమ్ పూజిత వైపు తల ఊపింది. పూజిత ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది. బేహాలా, బేహాలా. బస్సు. ఆ గోలలోంచి తన గొంతు. మేడమ్ తల వంచి వింటోంది, ముఖంలో ఏమీ లేదు, ఏమీ లేదు, చివరికి కనుబొమలు పైకి లేచాయి.

"రాగ్?" అంది. "తుమి రాగ్ కొరేఛిలే? ఓర్ ఒపోర్ రాగ్?" కోప్పడ్డావా, ఈ పిల్ల మీద కోపమా, అని.

అవును మేడమ్, రాగ్, మేం ఇంట్లో అలాగే అంటాం, కోపానికి వేరే మాట లేదు మాకు. "హా దిదీ, రాగ్," అంది వెనకనుంచి అమ్మ, ఎవరూ అడక్కుండానే, ప్రాణం లేచొచ్చినట్టు. పక్కాయన నవ్వేశాడు, ఇంకొకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, గదిలో గాలి ఆడింది. మేడమ్ కాగితం మీద ఒక గీత పెట్టింది, అడ్మిషన్ అన్న మాట మీదే అయ్యుంటుంది. పూజిత అయోమయంగా అటూ ఇటూ చూసింది. ఆ మాటకి అర్థమేమిటో ఎవరో ఇంగ్లీషులో చెప్పారు, పిల్ల ముఖం పాలిపోయింది, తల దించుకుంది. అలా దించుకుని దుపట్టా కొసని వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"సరే, కోప్పడటం నేరం కాదు," అంది మేడమ్, ఇంగ్లీషులో, పూజితతో. "మెట్ల దగ్గర ఈ అమ్మాయి నిన్ను భయపెట్టేమాట ఏదైనా అన్నదా? చెప్పు, పరవాలేదు."

పూజిత నోరు విప్పలేదు. చెప్పదు. తప్పుగా అర్థం చేసుకున్నానని అందరి ముందూ తేలాక ఇంకెలా చెబుతుంది, చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు? రమ బయటపడినట్టే. అమ్మ వెనకనుంచి జబ్బ పట్టుకుంది, పోదాం పద అన్నట్టు. తలుపు తెరిచే ఉంది, నాలుగడుగులు వేస్తే కారిడార్, మెట్లు, వాన, బస్సు, నాన్న, టీ బడ్డీ. రమ కళ్లు ఆ వేలి మీదనుంచి కదలలేదు. తెల్లగా అయిపోయింది ఆ వేలు, పిల్ల ఇంకా వదలడం లేదు.

"అన్నాను మేడమ్," అంది రమ, ఇంగ్లీషులోనే. "ఈ ఊళ్లో నువ్వెవరికీ తెలీదు, నీకేమైనా అయినా అడిగేవాళ్లు లేరు, అన్నాను."

ఫ్యాను కిచకిచమంది. ఎందుకన్నావు అని అడిగింది మేడమ్. రాగ్ వచ్చింది, అంది రమ. ఎందుకొచ్చింది? రమ అమ్మ వైపు చూడలేదు. వచ్చింది మేడమ్, అంతే. మేడమ్ కలం పక్కన పెట్టి, పక్కాయనతో గుసగుసగా మాట్లాడి, ఇది తప్పే, ర్యాగింగే, కానీ దాచకుండా చెప్పావు కాబట్టి రస్టికేషన్ వెయ్యడం లేదు, ఈ సెమిస్టరు సస్పెన్షన్, జనవరిలో మళ్లీ రా, అంది. రమ తల ఊపింది.

కారిడార్‌లోకి వచ్చాక, "ఏటందే ఆవిడ? ఇంగిలీసులో ఏటి సెప్పినావు? అంతా అయిపోనాదనుకుంటే మళ్లీ ఏటది?" అని అమ్మ చెయ్యి కుదిపేస్తోంది. వెనకాలే వచ్చిన పూజిత గోడ పక్కన ఆగింది.

"నన్ను భయపెట్టిన అని అక్క ఒప్పుకుందమ్మా," అంది ఆ పిల్ల. "నేనడగలే. తనే చెప్పింది."

అప్పలకొండమ్మ కూతురి వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. దగ్గరికెళ్లి, ఆ చిక్కిపోయిన బుగ్గలు చూసి, అలవాటుగా నడుమ్మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏటైనా తిన్నావేటమ్మా?" అంది.

పూజిత రెండు చేతులతో ముఖం కప్పుకుని బల్ల మీద కూలబడిపోయింది. కొత్త చోటు, అలవాటు లేని నీళ్లు, తిండి పడి ఉండదు అందుకే, అంటూ అమ్మ సంచిలోంచి మరమరాల పొట్లం తీస్తోంది. రమ వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది.